దారి తెలియని రోజుల్లో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన అసోసియేషన్ వార్షిక సంచికలో ఏటా ఒక తెలుగు ప్రముఖుని గురించి రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ డ్యూటీ నాకు పడింది. నేను రచయితని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా 24 ఏళ్ళు చేసి 2005లో హవల్దార్‌గా పెన్షన్ వచ్చినవాణ్ణి. ఇంజెక్షన్ చెయ్యమంటే చేస్తాను గానీ వ్యాసం రాయమంటే చెయ్యి వణుకుతుంది. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే నేను రాయదలచుకున్న మహానుభావుడు మా భీమవరంలో పుట్టినవాడు. ఆయన తయారు చేయించిన మాత్రలు ఎంతోమంది జవాన్ల చేత దగ్గరుండి మింగించాను. మింగించినన్నాళ్ళూ ఆయనెవరో నాకు తెలియదు.

ఆ మాత్ర సంగతి ముందు చెప్పాలి. ఫైలేరియా, అంటే మన గోదావరి జిల్లాల్లో బోదకాలు అనే జబ్బు పురుగులు పగలు రక్తంలో దొరకవు. రాత్రి పదింటి తర్వాత బయటికి వస్తాయి. అందుకని మా ఎం.ఐ. రూమ్ నుంచి రాత్రిపూట స్లైడ్లు, సూదులు పట్టుకుని బ్యారక్‌లకి వెళ్ళేవాళ్ళం. అప్పుడే నిద్రపట్టిన జవాన్లని లేపి, వేలి చివర గుచ్చి, చుక్క రక్తం తీసేవాళ్ళం. వాళ్ళు మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. పాజిటివ్ వచ్చిన వాళ్ళకి 12 రోజులు హెట్రజాన్ మాత్రలు. మొదటి రోజుల్లో జ్వరం, దురద వచ్చేవి. లోపల పురుగులు చస్తున్నాయి కాబట్టి అలా వస్తుందని చెబితే సగం మంది నమ్మేవారు కాదు, మాత్ర నాలుక కింద దాచి బయటికెళ్ళి ఉమ్మేసేవారు. అందుకే నా ఎదురుగా నీళ్ళు తాగించి, నోరు తెరిపించి చూసి పంపేవాణ్ణి.

1995లో సుబ్బారావు గారి శతజయంతికి తపాలా బిళ్ళ విడుదలైనప్పుడు పేపర్లో ఆయన గురించి చదివాను. హెట్రజాన్ వెనక ఉన్న మనిషి మా జిల్లావాడని, 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడని అప్పుడు తెలిసింది. ఆ రోజు ఎం.ఐ. రూమ్‌లో ఆ మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుని కాసేపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆయన గురించి ఎక్కడ ఏం దొరికినా చదివాను. ఆయన కనిపెట్టిన మందుల జాబితా అందరూ రాస్తారు, నేనూ రాస్తాను. కానీ నన్ను పట్టుకున్నది 28 ఏళ్ళు వచ్చేవరకూ ఆ మనిషికి తన దారేదో తెలియకపోవడం. ఆ సంగతి నన్నెందుకు పట్టుకుందో చివర్లో చెబుతాను.

తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం వదులుకున్నారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని రాబడి. తల్లి వెంకమ్మ గారు గట్టి మనిషి. చదువు తప్ప పిల్లలకి వేరే ఆస్తి లేదని ఆవిడ నమ్మకం. పిల్లవాడికేమో చదువు మీద బుద్ధి లేదు. పదమూడేళ్ళ వయసులో బంధువుల కుర్రాడొకణ్ణి వెంటేసుకుని ఇంట్లోంచి పారిపోయాడు. కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని ప్లాను. కాశీ చేరకముందే పట్టుకుని ఇంటికి తెచ్చారు. మన గోదావరి జిల్లాల్లో అరటిపళ్ళకి కరువేమిటి, అమ్మడానికి కాశీ దాకా ఎందుకు అని చదివినప్పుడు నవ్వొచ్చింది. కానీ ఆ వయసు పిల్లాడు ఇంటి బాధ చూడలేక డబ్బు కోసం పారిపోవడం నవ్వే విషయం కాదు.

రాజమండ్రిలో చదువు సరిగ్గా సాగలేదు. ఇంట్లో వరసగా జబ్బులు, చావులు. తండ్రి కూడా పోయారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. చివరికి మద్రాసు వెళ్ళి హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కాడు. తల్లి మంగళసూత్రాలు అమ్మి చదివించిందని చెబుతారు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. అక్కడ తీసుకున్నది లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. డాక్టరీ ఆలోచనే లేదు.

నిజానికి అప్పుడాయన మనసు సన్యాసం మీద ఉంది. మద్రాసు రామకృష్ణ మఠానికి వెళ్తూ వస్తూ, అక్కడే చేరిపోవాలనుకున్నాడు. తల్లి అనుమతి లేనిదే కుదరదన్నారు మఠం వారు. తల్లి ససేమిరా అంది. అప్పుడు అక్కడి స్వాములు వైద్యం చదువుకోమని, ఆ విద్య మనుషుల సేవకి పనికొస్తుందని సలహా చెప్పారు. అలా 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. మన కాలంలో నీట్ ర్యాంకు కోసం పిల్లలు పడే తపన చూస్తుంటే, ఈ మనిషి డాక్టరు కావడం ఎంత చిత్రంగా జరిగిందో అనిపిస్తుంది. అరటిపళ్ళ వ్యాపారం కాలేదు, సన్యాసం దొరకలేదు, మిగిలింది ఇది.

చదువు ఖర్చుకి చేయందించినవారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. వారి అమ్మాయి శేషగిరితోనే 1919లో పెళ్ళయింది. అమ్మాయి అప్పటికి చిన్నది.

కాలేజీలో మరో చిక్కు వచ్చింది. విదేశీ వస్తువులు మానమని గాంధీగారు పిలుపిచ్చిన రోజులవి. ఈయన ఆపరేషన్ గదిలోకి వేసుకునే గౌను కూడా ఖద్దరుది కుట్టించుకున్నాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి కోపం వచ్చింది. రాత పరీక్షల్లో బాగానే రాసినా చివరికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వలేదు. ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా చేతిలో పెట్టి పంపారు. యూనిఫాం విషయంలో పై అధికారి మాట కాదంటే ఏమవుతుందో సర్వీసులో ఉన్న మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ గౌను వల్ల ఆయనకి జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు, అది చాలా దూరం వెంటాడింది. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది.

ఆ సంవత్సరాల్లోనే ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. ఆ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోయారు. ఈయనకీ అదే జబ్బు సోకితే లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. వైద్యం చదివి పట్టా పుచ్చుకున్న వాడికి సొంత అన్నదమ్ముల జబ్బుకి కారణం తెలియదు, మందు తెలియదు. తాను బతికిన మందు ఎలా పనిచేసిందో కూడా తెలియదు.

నా ఉద్దేశంలో ఆయనకి దారి కనిపించింది అక్కడే. ఒక మంచిరోజు చూసుకుని కూర్చుని నేను ఫలానా అవుతానని ఆయన నిర్ణయించుకున్నట్టు నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. ఇంట్లో రెండు శవాలు లేచాక ఒక ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్న వెంట వెళ్ళాడు, అంతే. ముందు ఆయుర్వేద మందుల్నే ఆధునిక పద్ధతిలో పరీక్షించాలని చూశాడు. ఆ సమయంలో మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ డాక్టరుతో పరిచయమై, పరిశోధన చెయ్యాలంటే అమెరికా వెళ్ళాలన్న ఆలోచన పుట్టింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు కొంత డబ్బిచ్చారు. 1923 అక్టోబర్ 26న ఆయన బోస్టన్‌లో దిగాడు. వయసు 28.

వెళ్ళింది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వ్యాధుల స్కూలుకి. కానీ అక్కడ ఆసుపత్రిలో డాక్టరుగా కుదురుకోవడానికి ఆ ఎల్.ఎం.ఎస్. పట్టా అక్కరకు రాలేదు. పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రి పోర్టరు పనికి కుదిరాడు. బెడ్‌పాన్లు తీయడం, కడగడం, రోగుల్ని అటూ ఇటూ చేర్చడం. ఈ భాగం నేను చాలాసార్లు చదివాను. లక్నో సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యి మొదటి పోస్టింగ్‌లో వార్డు డ్యూటీకి వెళ్ళినప్పుడు నాకు మొదట చెప్పిన పని కూడా అదే. ఆ రాత్రి బాత్రూమ్‌లో నిలబడి ఏడ్చాను. ఇంటర్ రెండుసార్లు తప్పి, ఊళ్ళో తలెత్తుకోలేక, డ్రైవరు ట్రేడ్ వస్తుందన్న ఆశతో భర్తీ ర్యాలీకి వెళ్ళినవాణ్ణి నేను. వాళ్ళు నన్ను మెడికల్‌లో వేశారు. నేను ఇంటర్ వరకూ చదివి ఏడ్చాను. ఆయన మెడికల్ కాలేజీలో చదివి వచ్చి ఆ పని చేశాడు, పగలు మళ్ళీ లాబొరేటరీకి వెళ్ళాడు.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర బయోకెమిస్ట్రీ పరిశోధనలో చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దాన్ని ప్రపంచమంతా బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేర్చుకున్నారు. ఆ పద్ధతితోనే కండరాలు పనిచేసేటప్పుడు ఏం జరుగుతుందో వెతికి 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాలు బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఏ.టి.పి.ని విడిగా కనుక్కున్నాడు. మన భాషలో చెప్పాలంటే, బి.పి.ఇ.టి.లో రైఫిల్, పిట్టు వేసుకుని 5 కిలోమీటర్లు పరుగెత్తే జవాను కాళ్ళలో ఖర్చయ్యే చిల్లర డబ్బు ఏ.టి.పి. అంతకుముందు కండరాల శక్తి గురించి ఒక సిద్ధాంతం ఉండేది. ఆ పరిశోధనకి 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ దొరికాక ఆ సిద్ధాంతం నిలబడలేదు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వతమైన పోస్టు ఇవ్వలేదు. గౌరవం కోసం, గుర్తింపు కోసం కొట్లాడే స్వభావం కూడా ఆయనది కాదు. 1940లో అక్కడినుంచి బయటికి వచ్చేశాడు. అంటే 45 ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటినుంచి మొదలన్నమాట. నేను 43వ ఏట పెన్షన్ కాగితాలు చేత్తో పట్టుకుని రైలు దిగినవాణ్ణి కాబట్టి, ఆ వయసులో కొత్త చోట చేరడమంటే ఏమిటో కొంత తెలుసు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనికి చేరితే మొదటి నెల నా కన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడు నాకు బి.పి. చూడటం నేర్పాడు.

సుబ్బారావు గారు చేరింది న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ లాబొరేటరీస్‌లో. రెండేళ్ళలో, 1942కల్లా, అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యాడు. చేతికింద పెద్ద టీము వచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళలో జరిగినంత పని ఒక మనిషి చేతిమీదుగా జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

లివర్‌లో ఉండే ఒక పదార్థం రక్తహీనతని తగ్గిస్తుందని తెలుసు గానీ దాన్ని విడదీసి తయారు చేయడం ఎవరివల్లా కాలేదు. ఆయన టీము దాన్ని పట్టుకుని 1945కల్లా లాబొరేటరీలో తయారు చేసింది. అదే ఫోలిక్ ఆసిడ్. ఈ రోజు గర్భిణి స్త్రీ ఏ ఊళ్ళో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినా ఐరన్‌తో కలిపి ఇస్తున్న మాత్రలో ఉన్నది అదే. స్ప్రూకి కూడా అది మందయింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకి జవాబు దొరికేసరికి ఆయనకి 50 ఏళ్ళు వచ్చాయి. ఆ ఇద్దరూ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఫోలిక్ ఆసిడ్‌ని కొద్దిగా మార్చి దానికి విరోధంగా పనిచేసే పదార్థాలు కూడా చేయించాడు. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ వచ్చిన పసిపిల్లలకి ఇచ్చి, కొందరిలో జబ్బు కొన్ని నెలలు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అంతకుముందు ఆ పిల్లలకి మందే లేదు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని కాన్సర్‌కి, కీళ్ళవాతానికి ఇప్పటికీ వాడుతున్నాం. మన వెటరన్లలో చాలామంది ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్ నుంచి వారానికొకసారి వేసుకునే ఆ చిన్న పసుపు మాత్ర తెచ్చుకుంటున్నారు.

యాంటీబయాటిక్ సంగతి రిటైరైన మిత్రులకి మరీ నచ్చుతుంది. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ డెబ్భై దాటి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి రిటైరైతే లెడర్లీలోకి తీసుకున్నారు. దేశం నలుమూలల నుంచి తెప్పించిన మట్టిని పరీక్షించడం ఆయన పని. మిస్సోరీ నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు బూజు ఒకటి దొరికింది. అందులోంచి వచ్చింది ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ పెద్దన్న. 1948లో లోకానికి ప్రకటించారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపుల ముందు ఎగబడింది టెట్రాసైక్లిన్ కోసమే.

ఇక మన హెట్రజాన్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా బారిన పడ్డారు. తూటా తగలకుండానే ఒడ్డున పడిపోయారు. వాళ్ళ దగ్గర సరైన మందు లేదు. ఆ వెతుకులాటలో సుబ్బారావు గారి టీము చేసినదే డైఇథైల్ కార్బమజీన్, 1947లో బయటికి వచ్చింది. యుద్ధం కోసం మొదలైన పని యుద్ధం అయిపోయాక చేతికొచ్చింది. ఫలితం దక్కింది ఎక్కువగా మన దేశానికే. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలో, 2004 నుంచి ఊరూరా ఏటా మింగించిన మాత్రల్లో ఉన్నది ఈ మందే. మా నాన్నమ్మకి కుడికాలు బోదకాలు. చీర కుచ్చిళ్ళు కాలిమీదకి దించి కట్టేది, పెళ్ళిళ్ళకి వచ్చేది కాదు. ఆవిడ వయసులో ఉన్నప్పటికి ఈ మాత్ర ఇంకా పుట్టలేదు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. వయసు 53. పాతికేళ్ళు ఆ దేశంలో ఉన్నా అమెరికా పౌరుడు కాకుండానే పోయారు. తర్వాత ఒక బూజుకి ఆయన పేరు కలిసేలా సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. గొప్పవాళ్ళ పేర్లు రోడ్లకి పెడతారు, ఈయన పేరు బూజుకి పెట్టారు. ఆ బూజుల్లోంచే కదా అంత మంచి మందు తీశారు, ఆయన చూసి ఉంటే సంతోషించేవారేమో.

ఇంతవరకూ రాసి వ్యాసం అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు చివర్లో చెబుతానన్న మాట.

మా అబ్బాయికి 28 ఏళ్ళు. బి.టెక్. చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రెండేళ్ళు ఉండి మానేశాడు. తర్వాత గ్రూప్స్‌కి చదువుతానన్నాడు, అదీ వదిలేశాడు. ఇంట్లో ఉంటున్నాడు. ఏం చెయ్యాలనుకుంటున్నావురా అని నేను అడగడం, తెలియదు నాన్నా అని వాడు చెప్పడం, నేను అరవడం. కిందటి ఏడాదంతా మా ఇంట్లో ఇదే. కొన్ని నెలలు మాటలు కూడా లేవు. మన సభ్యుల్లో ఇలాంటి పిల్లలున్న వారు ఇంకా ఉన్నారని మీటింగుల్లో విన్నాను. 2022 తర్వాత అగ్నివీర్‌గా చేరిన పిల్లల్లో ఎక్కువమంది నాలుగేళ్ళకే బయటికి రావాలి, వాళ్ళ తల్లిదండ్రులకీ ఈ ప్రశ్న వస్తుంది.

నా చేతిరాత ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఈ వ్యాసం వాడి చేతే కంప్యూటర్లో టైపు చేయించాను. పని చెప్పే వంకతోనైనా మాట కలుస్తుందని నా ఆశ. వాడు టైపు చేస్తూ చేస్తూ ఆగి, ఆయన భార్య ఏమయింది నాన్నా అని అడిగాడు. మొదటి ప్రతిలో నేను పెళ్ళి మాట ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను. మనలో ఎవరు రాసినా అలాగే వదిలేస్తాం.

శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళేటప్పుడు కొన్నేళ్ళలో తిరిగి వస్తానన్న మాట మీదే వెళ్ళారు. వెళ్ళాక కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డని చూడలేదు. ఆ తర్వాత ఒక పరిశోధన అయితే ఇంకొకటి, రాక వాయిదా పడుతూ పోయింది. పాతికేళ్ళలో భార్యాభర్తలు మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆయనకి దారి దొరికింది, ఆవిడకి మాత్రం ఎదురుచూపు మిగిలింది. ఫీల్డ్ పోస్టింగ్‌లో లీవు క్యాన్సిలైనప్పుడు ఇంటికి రాసే ఉత్తరం ఎంత కష్టమో మనకి తెలుసు. చదివే వాళ్ళ కష్టం మనం ఎప్పుడూ చూడలేదు. వంటింట్లోంచి ఇదంతా వింటున్న మా ఆవిడ, మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను ఎక్కడున్నానో వాడికి చెప్పింది. అరుణాచల్‌లో ఉన్నాను. పాపకి ఎనిమిదో నెల వచ్చాక చూశాను.

వాడు ఏమీ మాట్లాడకుండా ఈ పేరా టైపు చేశాడు. అయ్యాక పైకి వెళ్ళి, మెట్రిక్యులేషన్ అన్నచోట ఆగి, మూడోసారి ఆయన ఎక్కడ రాశాడని అడిగాడు. మద్రాసు, ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూల్ అని చెప్పాను. ఆ స్కూలు ఇప్పటికీ ఉందా అన్నాడు. ఉందన్నాను. ఆ రాత్రి ఇద్దరం కలిసి భోంచేశాం.